రెండు నుంచి మొదలయ్యే లెక్క

ఆగస్టు 4, సోమవారం

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగున్నామని మొదటి వాక్యంలో రాయాలి గనక రాస్తున్నాను. మీ అబ్బాయి నిజంగానే బాగున్నారు. నా సంగతి కింద చదవండి. మీ మోకాలు ఎలా ఉంది? ఫోన్లో అడుగుదామంటే మీకు సగం వినబడదు, వినబడిన సగానికి కోప్పడతారు. అందుకే ఈ ఉత్తరం.

నా థీసిస్ వెనక్కి వచ్చింది.

మీ అబ్బాయి ఈ మాట మీకు ఫోన్లో చెప్పారట. చెప్పగానే మీరు, కాటా పట్టడం రానివాళ్ళే కాటాల మీద పుస్తకాలు రాస్తారు, తప్పు ఒప్పుకుని, పెట్టే బేడా సర్దుకుని మన కాటాల రిపేరు కొట్టుకి వచ్చెయ్యమను అన్నారట. ఆయన నాకు చెప్పకుండా దాచాలనుకున్నారు గానీ, ఆయనకి దాచడం ఎప్పుడు చేతనైంది గనక. సరే, నేను రాను. ముందు అది చెప్పేస్తే మీకూ నాకూ హాయి.

అసలేం జరిగిందో చెబుతాను. థీసిస్ ముగ్గురు పరీక్షకుల దగ్గరికి వెళ్ళింది. ఇద్దరు బాగుందన్నారు. మూడో ఆయన, నేనెప్పుడూ చూడని మనిషి, రెండు వందల పద్దెనిమిదో పేజీలో పట్టిక పక్కన పెన్సిలుతో రెండే రెండు మాటలు రాశారు. ఒకటి ఎక్కడ, అని.

ఆ ప్రశ్న నాకు ఒక రోజంతా అర్థం కాలేదంటే నమ్మండి. పట్టికని పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చదివాను. అంకెలన్నీ ఉన్నాయి. కూడికలు సరిపోయాయి. మర్నాడు కూర తరుగుతూ ఉంటే వెలిగింది. నా పట్టికలన్నిట్లోనూ వరస సంఖ్య రెండు నుంచి మొదలవుతుంది. రెండు, మూడు, నాలుగు, అలా పదకొండు దాకా. మూడు వందల ఇరవై పట్టికలు, ఒక్కదాంట్లోనూ ఒకటి లేదు. నేను చూసుకోలేదు, మా గైడు చూడలేదు, డిపార్టుమెంటు కమిటీ చూడలేదు, తక్కిన ఇద్దరు పరీక్షకులూ చూడలేదు.

ఎందుకు లేదో ఈ భూమ్మీద మీకూ నాకూ తప్ప తెలియదు. మీ కొట్లో పొడుగు పుస్తకం తెరిస్తే ప్రతి కాటాకీ మొదటి గీత ఖాళీగా ఉంటుంది. కాటా తగిలించి తూకం రాయి వేసినప్పుడు స్ప్రింగు ఒళ్ళు విరుచుకుంటుంది, మొదటి తూకం కాటాది, రెండోది మనది అని మీరు నాకు నేర్పారు. మీ కొట్లో కూర్చుని కొలతలు తీసిన రెండేళ్ళూ నేనూ అలాగే రాశాను. బడిలో ఓనమాలు ఎవరైనా రెండో అక్షరం నుంచి మొదలుపెడతారా? మన కొట్లో మొదలుపెడతాం. అలా మొదలుపెట్టడం వింత అని నాకు తట్టనే లేదు.

వేరే ఎవరి పుస్తకమైనా అయితే ఇది పెద్ద తప్పు కాదు. కాటాని పరీక్షించే ముందు ఒకసారి బరువు వేసి తియ్యడం లోకమంతా ఉన్నదే. కానీ నా పుస్తకం దేని గురించి? రాత్రంతా ఖాళీగా వేలాడిన కాటా తెల్లారి ఎంత తప్పు చూపిస్తుంది అన్నదాని గురించి. తెల్లారి వేసిన మొట్టమొదటి తూకమే దానికి జవాబు. నేను ఆ జవాబొక్కటీ వదిలేసి, తక్కిన పదీ కొలిచి, తప్పేమీ చూపించదని తేల్చాను. ఆకలి మీద పరిశోధన చేస్తూ మొదటి ముద్ద లెక్కలోంచి తీసేసినట్టు.

మా గైడుకి మేం సర్దుబాటు సారని పేరు పెట్టుకున్నామని చెప్పాను కదా. ఆయన వెంటనే సర్దుబాటు మొదలుపెట్టారు. దీనికింత కంగారు దేనికమ్మా, రెండుని ఒకటి చెయ్యి, పదకొండుని పది చెయ్యి, టైపులో పొరపాటు అని రాసి పంపెయ్యి, మధ్యాహ్నానికి అయిపోతుంది అన్నారు. నేను చెయ్యనన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఏడేళ్ళ గడువు అక్టోబరు నాలుగుతో తీరిపోతుంది, ఆ తర్వాత నువ్వు రాసింది పొట్లాలు కట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు అన్నారు. నాకూ క్యాలెండరు చదవడం వచ్చండి అన్నాను. ఆయన బాగా నొచ్చుకున్నారు. నొచ్చుకోనీయండి.

అర్హత పరీక్షలో గణాంకాల పేపరు నాలుగు మార్కులతో పోయినప్పుడు కూడా ఇలాగే అందరూ వదిలెయ్యమన్నారు. రెండోసారి రాసే పరీక్ష మా పెళ్ళయిన ఆరో రోజున పడింది. ఇల్లంతా చుట్టాలు. మీరు కొత్త కోడలికి జ్వరం, ఎవరూ లోపలికి వెళ్ళొద్దని చెప్పి నన్ను గదిలో పెట్టి బయట గొళ్ళెం వేశారు. మూడు రోజులు అన్నం కిటికీలోంచి అందించారు. అప్పుడు వదిలెయ్యమనని మనిషి ఇప్పుడు వచ్చెయ్యమనడం నాకు నచ్చలేదు.

అందుకని చెప్పేదేమిటంటే, అప్పుడు నేను కొలిచిన నలభై కాటాలూ నాకు మళ్ళీ కావాలి. అవే కావాలి. అవి ఎవరెవరి దగ్గర ఉన్నాయో మీ పుస్తకంలో ఉంది. ఆకుకూరలావిడ, చేపల అంగడి, పాత ఇనుము కొట్టు, అందరికీ మీ మాటంటే గురి. పదేసి చొప్పున ఎనిమిదేసి రోజులకి సరుకుల బండి మీద పంపండి. ఆ ఎనిమిది రోజులూ వాళ్ళకి మన కొట్లో కాటాలు వాడుకోవడానికి ఇవ్వండి. అడుగుతున్నానని చులకన చెయ్యకండి. మీరు పంపకపోతే నేనే వచ్చి ఇంటింటికీ తిరిగి అడుక్కుంటాను, అప్పుడు పరువు ఎవరిది పోతుందో ఆలోచించుకోండి.

మీ కోడలు

---

సెప్టెంబరు 11, గురువారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ మోకాలికి పంపిన నూనె అందిందనుకుంటాను. మేం కులాసా. కాటాలు మూడు విడతలూ కొలవడం అయింది, నాలుగో విడత బల్ల మీద ఉంది. నా ఉత్తరానికి జవాబు రాయలేదు గానీ, వారం తిరక్కుండా బండి పంపారు. ప్రతి కాటాకీ మీ చేత్తో అట్టముక్క కట్టి, కొక్కెం వంచొద్దు, తడి తగలనివ్వొద్దు, నేల మీద పెట్టొద్దు అని రాశారు. మా ల్యాబు అటెండరు ఆ అట్టముక్కలు చదివి, ఇవి ఎవరు రాశారో గానీ మేడమ్, ఆవిడ దగ్గర పని చెయ్యడం నావల్ల కాదు అన్నాడు. నేను రెండేళ్ళు చేశానన్నాను. అప్పట్నుంచీ నాకు తనే టీ తెచ్చిస్తున్నాడు.

రోజూ ఆరింటికల్లా ల్యాబులో ఉంటాను. కాటాలు పదీ ఇనప కమ్మీకి వరసగా వేలాడుతూ ఉంటాయి. కొత్త పుస్తకం కొన్నాను. మొదటి గీత మీద ఒకటి అని ముందే వేసి పెట్టుకున్నాను, చెయ్యి పాత దారి పట్టకుండా. కేజీ రాయి పళ్ళెంలో పెడతాను. ముల్లు ఆగేదాకా చూస్తాను. రాస్తాను. అంతే పని. ఈ పని రెండేళ్ళ క్రితం చేసి ఉంటే ఇవాళ ఇల్లు సర్దుకుంటూ కూర్చునేదాన్ని.

ఇప్పుడు అసలు విషయం. చదివే ముందు కూర్చోండి.

ముప్పై కాటాల్లో ఇరవయ్యింటికి మొదటి తూకం తక్కువ వస్తోంది. కేజీకి ఎనిమిది గ్రాముల నుంచి పదిహేను దాకా. రెండో తూకానికి అన్నీ బుద్ధిగా గీత మీదకి వచ్చి నిలబడతాయి. ఒక రోజు కాదు, ఎనిమిది రోజులూ అంతే. పాత స్ప్రింగులన్నిటికీ ఉంది, కొత్తవాటికి లేదు. అంటే మీరు సరిచేసి పంపిన కాటాతో పొద్దున బోణీ బేరం చేసిన ప్రతి మనిషీ కాస్త ఎక్కువే తూచి ఇచ్చారు. ముల్లు గీత దాకా రావడం లేదని ఇంకో గుప్పెడు వేసి ఉంటారు. ముప్పై ఏళ్ళుగా, వాళ్ళకీ తెలియకుండా, మీకూ తెలియకుండా.

మొదటి తూకం కాటాది అని మీరు చెప్పిన మాట తప్పు అత్తయ్యా. అది ఆకుకూరలావిడది. నేను దీన్ని మీ నియమాన్ని నిలబెడదామనే మొదలుపెట్టాను. ఒకటి ఉన్నా లేకపోయినా ఒకటేనని ఆ పెన్సిలాయన మొహాన కొడదామనుకున్నాను. ఇలా తేలింది. తేలింది తేలినట్టే రాస్తాను.

సర్దుబాటు సారు అంకెలు రెండుసార్లు చూశారు. తర్వాత, ఈ మొదటి తూకాలన్నీ పుస్తకం చివర చిన్న అక్షరాలతో వేసేద్దాం, తేల్చిన మాట మాత్రం మార్చొద్దు, ఇప్పటికే ఆ మాట మీద మనిద్దరి పేర్లతో వ్యాసం అచ్చయింది అన్నారు. నాకు కోపం వచ్చింది. అచ్చయిన మాట తప్పయితే అచ్చులోనే దిద్దుకోవాలి సార్, నా పేరున్న చోట నేను దిద్దుతాను, మీ పేరు సంగతి మీ ఇష్టం అన్నాను. ఆయన తలుపు వేసుకున్నారు. ఆ తలుపు మూడు రోజులుగా తెరుచుకోలేదు. సంతకం దగ్గరికి వచ్చేసరికి తెరుచుకోక తప్పదు.

నాలుగు అధ్యాయాలు మళ్ళీ రాయాలి. ఇరవై మూడు రోజులున్నాయి. మీ అబ్బాయి వంట పూర్తిగా తన చేతిలోకి తీసుకున్నారు. పప్పు మాడ్చినా మెచ్చుకుంటూ తింటున్నాను, మానేస్తారేమోనని.

మీరు కోప్పడతారని తెలుసు. వైవాలో అందరి ముందూ ఇది చెబుతాను, ఎవరు నేర్పారని అడిగితే మీ పేరు కూడా చెబుతాను. దాని మీద మీరేమైనా రాయదలుచుకుంటే రాయండి, చదువుతాను. మార్చమంటే మార్చను.

మీ కోడలు

---

నవంబరు 19, బుధవారం

పూజ్యులైన అత్తయ్యగారికి,

నమస్కారాలు. మేం క్షేమం. మీరు అంతకంటే క్షేమమని మీ అబ్బాయి చెప్పారు, ఆ మోకాలితోనే బజారంతా తిరుగుతున్నారట.

మీ కార్డు అక్టోబరు మొదటి వారంలో అందింది. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేకపోతే, ఇక ఈ జన్మకి నా గడప తొక్కరనుకున్నాను. తీరా చూస్తే కార్డు మీద మూడు వాక్యాలు. పద్దెనిమిదో కాటా పొద్దున్నే నేనే వేసి చూశాను, పదమూడు గ్రాములు, నువ్వన్నది నిజమే అని. సంతకం కూడా పెట్టలేదు. దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ముప్పై ఏళ్ళ పని తప్పని కోడలు రాసి పంపితే, చించి పొయ్యిలో వేసే అత్తలున్న లోకం ఇది. మీరు కాటా దించి చూశారు. చూసి, మర్నాడే దుకాణం దుకాణానికీ వెళ్ళి, పొద్దున్నే బేరానికి ముందు పళ్ళెంలో ఓ రాయి వేసి తీయండి, ఇన్నాళ్ళూ నేను చెప్పకపోవడం నా పొరపాటే అని చెప్పొచ్చారట. ఇదంతా మీ అబ్బాయి చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. గర్వంతోనే అనుకోండి.

థీసిస్ గడువుకి ఒక రోజు ముందు ఇచ్చాను. సర్దుబాటు సారు సంతకం పెట్టారు. పెట్టేటప్పుడు నా మొహం చూడలేదు గానీ పెట్టారు.

నిన్న వైవా జరిగింది. పొడుగాటి గది, పొడుగాటి బల్ల, అటువైపు ముగ్గురు, ఇటువైపు నేను. వెనక కుర్చీల్లో పిల్లలు పాతికమంది దాకా. మీ అబ్బాయి ఆఖరి వరసలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నారు. పెన్సిలాయనని మొదటిసారి చూశాను. బక్కగా, అరిగిపోయిన స్వెట్టరు వేసుకుని, గుమాస్తాలా ఉన్నారు. నేను ముందే కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను. మొదట ఇచ్చిన పుస్తకంలో నేను తేల్చింది తప్పు, పాత స్ప్రింగు కాటా రాత్రి ఖాళీగా ఉంటే పొద్దున మొదటి తూకం తక్కువ చూపిస్తుంది, ఇవిగో మూడు వందల ఇరవై మొదటి తూకాలు అన్నాను. మొదటి ఇద్దరూ అదీ ఇదీ అడిగారు. ఒకాయన గణాంకాల్లో ఇరికించబోయారు. ఆ పేపరు నేను రెండుసార్లు చదివినదాన్ని, దొరకలేదు.

అప్పుడు పెన్సిలాయన, ఈ రెండు నుంచి లెక్కపెట్టడం ఎవరు నేర్పారు అని అడిగారు. మా అత్తగారండి, కాటాలు బాగుచేస్తారు అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను వెనక్కి తిరిగి, ఆవిడ తప్పు తెలిసిన మర్నాడే బజారంతా తిరిగి దిద్దుకొచ్చారు, ఈ భవనంలో ఎవరైనా అంత త్వరగా దిద్దుకోవడం నేను చూడలేదు అన్నాను. నవ్వు ఆగిపోయింది. సర్దుబాటు సారు కిటికీలోంచి బయటికి చూశారు.

పెన్సిలాయన ఇంకొక్క ప్రశ్న అడిగారు. అన్ని నెలలు, అన్ని పొద్దులు రాయి మీరే వేశారు కదమ్మా, మొదటి తూకం రాయకపోతే రాయకపోయారు, ఒక్కసారైనా ముల్లు మీద మీ చూపు పడలేదా అన్నారు. లేదండి, అలవాటు, అది చూసే పనే లేదనుకున్నాను అన్నాను. ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టారు. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి నాకు చెయ్యిచ్చారు. తను తేల్చిన మాటని తనే కొట్టేసుకున్న స్కాలర్ని ఇన్నేళ్ళలో చూడలేదు, ఈ నిజాయితీకే పట్టా ఇవ్వొచ్చు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ముగ్గురూ సరేనన్నారు. రేపు పదకొండు గంటలకి పరీక్షల అధికారి సంతకం పెడితే మీ కోడలు డాక్టరు. మందులు రాయదు గానీ డాక్టరే. నాలుగు మార్కులు తక్కువైనప్పుడు నవ్వినవాళ్ళకి, పెళ్ళయ్యాక ఇంకా చదువేమిటన్న మీ ఆడపడుచుగారికి, పొట్లాలు కట్టుకోమన్న సారుకి, అందరికీ ఇదే నా జవాబు. ఎవరు ఎంత సర్దుకోమన్నా సర్దుకోలేదు. మీరు ఈ ఉత్తరం అందరికీ చదివి వినిపించండి.

మీ కోడలు

తాజా కలం: కవరు అంటించాను. మళ్ళీ చించాను. పై ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకండి.

పెన్సిలాయనకి నేను అబద్ధం చెప్పాను. చూపు పడింది. మీ కొట్లో కొలతలు తీస్తున్న రెండో ఏడు, వానలు మొదలైన వారం, ఆకుకూరలావిడ కాటాకి మొదటి రాయి వేసినప్పుడు ముల్లు గీత దాకా రాకపోవడం చూశాను. మర్నాడు మళ్ళీ చూశాను, రాలేదు. పక్క కాటా చూశాను, అదీ రాలేదు. అప్పటికే మొదటి ఏడు కొలతలతో రాసిన వ్యాసం అచ్చుకి వెళ్ళింది. పరీక్ష తప్పి ఒక ఏడు పోగొట్టుకున్నదాన్ని, ఇంకో ఏడు పోతుందని భయపడ్డాను. మీరు వెనక గదిలో స్ప్రింగులకి నూనె రాస్తున్నారు. పిలిచి ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు.

మూడో రోజు నుంచి మొదటి రాయి వేసేటప్పుడు మొహం గోడ వైపు తిప్పుకోవడం మొదలుపెట్టాను. కొలతలు పూర్తయ్యేదాకా అలాగే చేశాను. అలవాటున్నవాళ్ళు మొహం తిప్పుకోరు అత్తయ్యా. మీరు ఏనాడూ తిప్పుకోలేదు, ఆ ముల్లు లెక్కలోది కాదని మనస్ఫూర్తిగా నమ్మారు. నేను నమ్మకుండా మీ నియమం వెనక దాక్కున్నాను. నిన్న పాతికమంది ముందు మీ పేరు చెప్పి ఇంకోసారి దాక్కున్నాను. ఆ చప్పట్లు కూడా తీసుకున్నాను.

మీ అబ్బాయికి ఇప్పుడే చెప్పాను. పొయ్యి ఆపి వచ్చి కూర్చున్నారు. తర్వాత, చెబితే పట్టా ఉంటుందా అన్నారు. తెలియదన్నాను. సర్దుబాటు సారుకి కూడా ఫోను చేసి చెప్పాను. అయిపోయినదాన్ని ఎందుకమ్మా కెలుకుతావు, సంతకం అయ్యేదాకా నోరు మూసుకుని ఉండు, నీ ఏడేళ్ళూ బుగ్గిపాలు చేసుకోకు అన్నారు. బుగ్గి అయితే కానీయండి, ఆ ఏడేళ్ళూ నావే అన్నాను.

జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాశాను, తేదీలతో సహా. పెన్సిలాయనకి ఒక ప్రతి, పరీక్షల అధికారికి ఒకటి. ఏమవుతుందో రాస్తాను. అప్పటిదాకా బజార్లో నన్ను డాక్టరనకండి.

పరీక్షల ఆఫీసు రేపు పదింటికి తెరుస్తారు. తెరిచేసరికి నేను గుమ్మంలో ఉంటాను.